మంచుపై స్కీలు

ఆల్ప్సు పర్వతములలో జనులు పాదములకు స్కీలనెడు పొడవైన పలకలను బిగించుకొని మంచువాలులపై జారుదురు. 1993లో స్లొవేనియా దేశపు ఎలాన్ సంస్థ, నడుము బాగుగ సన్నగిల్లి కొనలు వెడల్పైన కార్వింగ్ స్కీలను వెలువరించెను. ప్రక్కకు ఒరిగించినంతనే వీని అంచు విల్లువలె వంగి, మంచును కోయుచు తానే మలుపు తిరుగును.

అయినను మంచు అంతయు నొకటి కాదు. రంగులు చూచి స్కీ నెన్నుకొనువారికి ఈ సంగతి వాలుమీదగాని తెలియదు. రాత్రి గడ్డకట్టి గాజువలె మెరయు మంచుపై సన్నని నడుము, పదునైన ఉక్కు అంచులు గల స్కీ కావలయును. అంచు మొద్దువారెనా, స్కీ పట్టు దప్పి ప్రక్కకు జారును. మనుష్యుడు లోయవైపు దొర్లిపోవును. క్రొత్తగా కురిసిన దూదివంటి మంచులోనో, ఆ స్కీయే మునిగిపోవును. అచట నడుము 100 మిల్లీమీటర్లకు మించిన వెడల్పు స్కీ తేలును. బరువును రెండు కాళ్ళపైనను సమముగ నుంచి, తొందరపడక మలపవలెను.