మైకా ముక్క

"నక్కో అబ్బా" అంది బిడ్డ. అప్పటికే నేను పర్సు తీశాను.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి తలెత్తితే అన్నీ బోర్డులే. కోచింగులు, హాస్టళ్లు, వాటి మధ్య 'మినీ ప్రాజెక్ట్స్, మేజర్ ప్రాజెక్ట్స్'. పైసలు కడితే ప్రాజెక్టు, దాని రికార్డు, వైవాలో చెప్పాల్సిన జవాబులు అన్నీ చేతిలో పెడతారు. చాలా ఏళ్ల కింద ఈ దందా మీద నేనే వార్త రాశాను. హెడ్డింగ్ బాగా కుదిరిందని తెగ ఖుష్ అయ్యాను కూడా. ఇప్పుడు అదే వరుసలో ఒక మెట్లదారి కింద నిలబడి ఎనిమిది వేల దగ్గర బేరమాడుతున్నాను. షరమ్ అనిపించలేదా అంటే, అనిపించింది. కానీ బిడ్డది డిప్లొమా ఆఖరి ఏడాది. జట్టులో ఉన్న ఇద్దరు అమ్మాయిలు కొందామనే అన్నారు. ఒంటరిదైపోతుందని నా ఫికర్.

తనేమో మల్టీ అవుట్‌పుట్ పవర్ సప్లయ్ చేస్తానంటుంది. ఒక డబ్బా. గోడ ప్లగ్గులో పెడితే 5 వోల్టులు ఒక చోట, ప్లస్ 12 ఒక చోట, మైనస్ 12 ఇంకో చోట, నాబ్ తిప్పుకుంటే 1.25 నుంచి 15 దాకా నాలుగో చోట రావాలి. ఇంతేనా అన్నారు స్నేహితులు. నాకూ అలాగే అనిపించింది. "ఏ రోబో అయినా ముందు దీన్నే అడుగుతుంది అబ్బా" అంది. పర్సు జేబులో పెట్టుకున్నాను.

మరుసటి ఆదివారం ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి, కోఠి గుజరాతీ గల్లీకి పోయాం. 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్, ఆంపియర్‌ది. 4007 డయోడ్లు. 7805, 7812, 7912, ఎల్ఎం317. కెపాసిటర్లు, అల్యూమినియం హీట్‌సింక్. దుకాణందారు చీటీ చూడకుండానే ఒక్కొక్కటీ తీసి ఇస్తుంటే, బిడ్డ నెంబరు చదివి మరీ సంచిలో వేసుకుంది.

రాత్రి దస్తర్ఖాన్ ఎత్తేశాక అదే చోట లెక్కలు. నేను చదివింది ఉర్దూ మీడియం. కరెంటంటే నాకు బర్ఖీ రౌ. రెసిస్టెన్స్ అంటే ముజాహమత్. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూలో పాఠాలు మొదలుపెట్టడానికి ముందే, సైన్సును ఉర్దూలోకి తెచ్చేందుకు దారుత్తర్జుమా పెట్టారు. ఆ రివాజు తోకను పట్టుకుని వచ్చినవాణ్ణి నేను. తర్వాత డిగ్రీలో తెలుగు చదివితే రెసిస్టెన్స్‌కు రెండు మాటలు దొరికాయి. తీగలో ఉంటే నిరోధం, మనుషుల్లో ఉంటే ప్రతిఘటన. ఉర్దూకి రెండూ ముజాహమతే. బిడ్డకు చెబితే నవ్వి, "ఓమ్ బోలో అబ్బా, బస్" అంది.

లెక్క మాత్రం నాకు అర్థమైంది. 15 వోల్టుల ఏసీని డయోడ్లు దాటించి కెపాసిటర్‌లో నింపితే 15 ఉండదు, 20 దాకా ఎక్కుతుంది. దానిలోంచి 7805 మనకిచ్చేది 5. మిగిలిన 15 వోల్టులు ఎక్కడికి పోతాయి? అర ఆంపియర్ వాడుకుంటే ఏడున్నర వాట్లు వేడిగా మారి ఆ చిటికెడంత ముక్క మీదనే కూర్చుంటాయి. హీట్‌సింక్ అందుకే.

మూడో రాత్రి స్విచ్ వేసింది. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంది. పొగ. నేను ప్లగ్గు పీకేలోపే రెండు డయోడ్లు నల్లబడ్డాయి. బిడ్డ ఏడవలేదు. బోర్డును అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. అది చూడలేక నేనే బయటికి పోయాను. ఎనిమిది వేలు ఇంకా జేబులోనే ఉన్నాయి, అబద్ధమెందుకు.

పొద్దున్నే మా తోడల్లుణ్ణి పిలిపించాం. బిడ్డకు ఖాలూ. ఏడో తరగతితో చదువు ఆపి పాత డబ్బా టీవీలు బాగుచేసిన మనిషి. ఆ టీవీలు పోయాక ఇన్వర్టర్ల మీద, ఎల్ఈడీ బల్బుల మీద బతుకుతున్నాడు. చాయ్ కూడా ముట్టకుండా బోర్డు తీసుకుని హీట్‌సింక్ వైపు చూశాడు.

"మైకా కహాఁ హై బేటీ?"

7805, 7912 అన్నదమ్ముల్లా ఒకేలా కనిపిస్తాయి. కాళ్ల వరుస వేరని బిడ్డకు తెలుసు, సరిగ్గానే అతికింది. వీపు సంగతే చూసుకోలేదు. 7805 వెనకాల రేకు గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది. 7912 వెనకాల రేకు గ్రౌండ్ కాదు, లోపలికొచ్చే మైనస్ 20 వోల్టులు. రెండింటినీ ఒకే అల్యూమినియం ముక్కకు స్క్రూలతో బిగిస్తే ఆ ముక్కే షార్ట్ సర్క్యూట్. మధ్యలో పల్చటి మైకా ముక్క, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ పెడితే వేడి దాటుతుంది, కరెంటు దాటదు.

"మరి ఫ్యూజ్ ఎందుకు పోలేదు ఖాలూ?"

"ఆంపియర్‌ది పెట్టినవ్ గదా. ఈ ట్రాన్స్‌ఫార్మర్ నిండా పనిచేసినా 230 వైపు గుంజేది అందుల ఎనిమిదో వంతు. అది కాలే లోపల ఇల్లే కాలుతది." క్వార్టర్ ఆంపియర్‌ది పెట్టమన్నాడు. కెపాసిటర్లు చూసి, 25 వోల్టులవి తీసేసి 35వి వేయమన్నాడు. లోడ్ లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ రాసినదానికన్నా ఎక్కువే ఇస్తుందట, పైగా మన గల్లీలో కరెంటుకు భరోసా లేదు.

5 వోల్టుల వేడి మాత్రం బిడ్డే తగ్గించుకుంది. దానికి విడిగా చిన్న 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టింది. 7805 లోపలికి ఇప్పుడు 11 చిల్లర. వేడి సగానికన్నా తక్కువ. ఖాలూ ఆ కాగితాన్ని తీసుకుని చాలాసేపు చూశాడు. "యే మేరేకూ నై సూఝా" అన్నాడు. ఉస్తాద్ నోట ఆ మాట విన్నాక బిడ్డ ముఖం చూడాల్సింది.

ఈసారి స్విచ్ వేయకముందే మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, రెండు రేకుల మీద ఆనించి చూసింది. చప్పుడు లేదు. అప్పుడు ప్లగ్గు. 5.02. 12.0. మైనస్ 11.9. స్నేహితులిద్దరూ ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నారు. డబ్బా మీద పేర్లు వాళ్లే అతికించారు.

వైవా రోజు ఎగ్జామినర్ డబ్బాను ఆన్ చేయమని కూడా అడగలేదట. రికార్డు పేజీలు తిప్పి సంతకం పెట్టాడట. పక్క టేబుల్ మీద కొన్న ప్రాజెక్టు చక్రాల మీద తిరుగుతుంటే అక్కడ నిలబడి ఫోటో దిగాడట. బిడ్డ ఇంటికొచ్చి బుర్ఖా కూడా తీయకుండా చెప్పింది ఇదంతా. మార్కులు ఇద్దరికీ ఇంచుమించు ఒకటే.

నేను దీని మీద వార్త రాస్తానన్నాను. "క్యా రాస్తారు అబ్బా, మీరు కూడా పర్సు తీశారు కదా" అంది.

డబ్బా ఇప్పుడు ఖాలూ దగ్గరుంది. పాత రేడియోలు వస్తే బ్యాటరీలకు బదులు దీనికే తగిలించి చూస్తున్నాడు. పోయిన శుక్రవారం నమాజ్ తర్వాత కలిసి, ఇలాంటిదే ఇంకొకటి కావాలని ఎవరో అడుగుతున్నారన్నాడు. ఎంత తీసుకోవాలో బిడ్డనే అడగమన్నాను.