కార్డులో ఫొటో ఉన్నా కెమెరా చూపించదెందుకు?

డిజిటల్ కెమెరా తెరపై "చిత్రం లేదు" అన్న సందేశం కనబడగానే మెమరీ కార్డు పాడైందని తీర్మానించి దానిని ఫార్మాట్ చేయడం తొందరపాటే అవుతుంది. కెమెరాలు ఫైళ్లను ఏ పేరుతో, ఏ అమరికలో భద్రపరచాలో నిర్దేశించే డీసీఎఫ్ అనే ప్రమాణం జపాన్‌లో 1998లో రూపొందింది. దాని ప్రకారం ప్రతి చిత్రమూ డీసీఐఎం అనే ఫోల్డరు లోపలి ఉపఫోల్డరులో, మొదటి నాలుగు స్థానాల తరువాత నాలుగు అంకెలు గల పేరుతో ఉండాలి కనుక, కంప్యూటరులో ఆ పేరును "అక్క పెళ్లి" అని మార్చి తిరిగి కార్డులో పెడితే, ఫైలు చెక్కుచెదరకపోయినా చాలా కెమెరాలు దానిని గుర్తించవు.

బ్యాటరీ విషయంలో అపోహలు ఇంకా ఎక్కువ. రెండు ఎలక్ట్రోడ్ల నడుమ లిథియం అయాన్ల కదలికతో విద్యుత్తునిచ్చే లిథియం అయాన్ బ్యాటరీ చలిలో నీరసించడానికి కారణం, లోపలి రసాయన చర్య మందగించి అంతర్నిరోధం, అనగా విద్యుత్ప్రవాహానికి బ్యాటరీలోనే ఎదురయ్యే అడ్డు, పెరగడమే. అందువల్ల లంబసింగిలో తెల్లవారుజామున ఖాళీ అయినట్టు కనిపించిన బ్యాటరీ, కాసేపు జేబులో వెచ్చబడితే తరచుగా మరికొన్ని ఫొటోలకు పనికివస్తుంది. అది చెడిపోవడం కాదు. లోహపు కొనలకు పట్టిన మురికిని పొడిగుడ్డతో తుడిస్తే తీరిపోయే ఇబ్బందులూ లేకపోలేదు. ఉబ్బిపోయి గూటిలోంచి సులువుగా రాని బ్యాటరీని మాత్రం మళ్లీ చార్జింగుకు పెట్టకండి.