ఆ కాంప్లెక్సూ... ఈ కాంప్లెక్సూ!

రాత్రి ఏడుపు సినిమా చూసి, తెల్లారగట్ల తిరుమల కొండెక్కినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? 2024 జులైలో నేనా పని చేశాను. తిరుపతిలో ఫస్ట్ షో 'కల్కి 2898 ఏ.డి.' చూసి, మర్నాడు తెల్లవారుజామునే అలిపిరి చేరాను.

పాడైపోయిన రేపటి లోకాన్ని చూపించే ఇలాంటి బొమ్మల్ని డిస్టోపియన్ సినిమాలంటారట. హాల్లోంచి వస్తూ అందరూ ప్రభాస్ 'బుజ్జి' కారు గురించీ, అమితాబ్ ఫైట్ల గురించీ ఒకటే కబుర్లు. నన్ను మాత్రం దీపికా పదుకొణె పాత్ర వదల్లేదు. కింద గంగ ఎండిపోయిన కాశీ. పైన ఆకాశంలో కాంప్లెక్స్. నీళ్ళూ, పచ్చదనమూ అన్నీ అక్కడే! లోపల గర్భవతుల ఒంట్లోంచి సీరం తోడేస్తుంటారు. ఆ అమ్మాయి పేరు సమ్-80. అది పేరా? నెంబరు! ఆమె మంటల్లోంచి నడిచే సీనుకి హాలంతా ఈలలు. నాకు మాత్రం ఆ నెంబరు కాస్తా 'సుమతి' అయినచోట గొంతు పట్టేసింది. 2006లో వచ్చిన 'చిల్డ్రన్ ఆఫ్ మెన్'లోనూ అంతే. పసిబిడ్డ ఏడుపు విని సైనికులు తుపాకులు ఆపేస్తే కళ్ళు చెమర్చాయి. చావుకి ఏడ్చామంటే సరే. ఓ పేరుకి ఏడుపేమిటి?

ఆ ప్రశ్న మోసుకుంటూ మెట్లెక్కాను. మొత్తం 3,550 మెట్లు! గాలిగోపురం దాకా ప్రశ్న తోడుంది. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళు తప్ప ఇంకేమీ గుర్తులేదంటే నమ్మండి.

కొండపైన 'వైకుంఠం క్యూ కాంప్లెక్స్' అన్న బోర్డు చూసి ఉలిక్కిపడ్డాను. ఇదీ కాంప్లెక్సే! మమ్మల్నందర్నీ ఓ కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టి గేటు వేశారు. ఇక లోపలున్న వాళ్ళందరికీ ఒకటే పేరు... కంపార్ట్‌మెంట్ నెంబరు!

గంటలు గడుస్తున్నాయి. పక్కనున్న పెద్దావిడ నాకేసి చూసింది.

"ఏం నాయినా, మొగం అట్ల వాడిపోయిండాది? ఏమన్నా తిన్నావా? నీ పేరేంది?"

మాట చూస్తే చిత్తూరు వైపు. పేరు చెప్పాను. మూట విప్పి చింతపండు పులిహోర సగం నా చేతిలో పెట్టింది. కునుకు పట్టిన నన్ను, గేటు తీయగానే పేరు పెట్టి లేపింది. అంతమంది జనంలో నా పేరు వినబడేసరికి... అదిగో, హాల్లో నా గొంతెందుకు పట్టేసిందో అప్పుడు తెలిసింది!

విడిపోయేటప్పుడు, "ముక్కోటి ఏకాదశికి మళ్ళా వస్తా నాయినా" అంది.

2025 జనవరి 8 రాత్రి, తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి 6గురు చనిపోయారు. టీవీలో ఆ '6' అంకె కింద పరుగెడుతూనే ఉంది. అంకెతో నాకేం పని? పేర్లు కావాలి. మర్నాడు పేపరు కోసం పరుగెత్తాను. పేర్లున్నాయి. ఒక్కొక్కటే చదివాను. రెండోసారీ చదివాను.

ఏం లాభం? ఆవిడ నా పేరడిగింది. ఆవిడ పేరు నేనడగలేదు.

మిత్రులారా, ఈసారి మీరు కొండకెళ్తే క్యూలో పక్కవాళ్ళ పేరడగండి. దర్శనానికెలాగూ టైముంటుంది!