నేల మీద నిలిచాకే బిగింపు



మన సంఘం మారుతి ఓమ్ని వ్యాను మీకందరికీ తెలిసిందే. 1984లో వచ్చిన ఈ రకం బండ్ల తయారీ 2019లో ఆగిపోయింది కానీ మన పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మన బండి ఆదివారం ముసలివాళ్లను మందిరానికి తెస్తుంది. మిగతా రోజుల్లో తిరుపతి రుయా ఆసుపత్రికో, వేలూరు సీఎంసీకో రోగులను తీసుకుపోతుంది. చెరకు ట్రాక్టర్లు తిరిగి గుంతలు పడిన దారుల్లో ఏళ్ల తరబడి నడిచి, వెనక షాకబ్జర్లు నూనె కార్చేశాయి. ముందర లోయర్ ఆర్మ్ బుష్షులు అరిగిపోయి ప్రతి గుంతకూ టక్కుమనేవి. ఆపరేషన్ చేయించుకుని వెనక సీట్లో వచ్చే తల్లికి ఆ అదురు కుట్ల మీద తగులుతుంది. భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు చక్రం నేలను వదిలి ఎగిరిందంటే బ్రేకు సరిగా పట్టదు. అందుకని సామాను తెచ్చుకుని, మందిరం ఆవరణలోనే మన యవ్వనస్థులతో కలిసి మార్చుకున్నాము.

ఇళ్ల దగ్గర ఈ పని చేసుకునే తమ్ముళ్ల కోసం రెండు మాటలు. బండి మూలను చేతులతో కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడిపోవాలి. ఊయల మాదిరి ఊగుతుంటే షాకబ్జర్ పని అయిపోయినట్టే. బరువు మోసేది షాకబ్జర్ అని చాలామంది అనుకుంటారు. బరువు మోసేవి ముందర స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. షాకబ్జర్ లోపల నూనె సన్నని రంధ్రాల గుండా పోతూ ఆ ఊపును అణచివేస్తుంది. దాన్ని మార్చేటప్పుడు రెండు వైపులా జతగా మార్చాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి, గట్టి స్టాండ్లు పెట్టండి. ఇటుకలు పెడితే పగిలిపోతాయి. ముందర స్ప్రింగు విప్పే పని మాత్రం షెడ్డుకే వదిలేయండి. అణచిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణానికే ముప్పు.

కొత్త బుష్షులు ఎక్కించి బోల్టులు తొడిగాక, లారీ షెడ్డులో పని నేర్చుకున్న మన తమ్ముడు ఒకడు అందరినీ ఆపినాడు. "ఇప్పుడే గట్టిగా బిగించబాకండి అయ్యగారూ. బండిని కిందికి దించి, బరువు పడినాక బిగిద్దాం" అన్నాడు.

ఎందుకో వివరంగా చెప్పినాడు. బండి జాకీ మీద ఉన్నప్పుడు చక్రం గాల్లో వేలాడుతుంటుంది, లోయర్ ఆర్మ్ కిందికి వాలి ఉంటుంది. బుష్షులో ఉండేది రబ్బరు. ఆ వాలులోనే బోల్టు బిగిస్తే రబ్బరు అక్కడే పట్టుకుపోతుంది. తర్వాత బండి నేల మీదికి వచ్చి ఆర్మ్ పైకి లేచేసరికి రబ్బరు మెలి తిరుగుతుంది. బండి కదలకుండా నిలబడి ఉన్నా ఆ మెలి పోదు. కొత్త బుష్షు కూడా తొందరలోనే చీలిపోతుంది. అందుకే బోల్టులు చేతి బిగువుతో ఉంచి, చక్రాలు తొడిగి, బండిని దించాము. ముందుకూ వెనక్కూ నెట్టి, ఊపి, అది తన ఎత్తుకు సర్దుకున్నాక చివరి బిగింపు చేశాము. తర్వాత తిరుపతిలో చక్రాల అలైన్‌మెంట్ చూపించాము.

ప్రియులారా, మన తీర్మానాల సంగతి కూడా ఇంతే. ఉజ్జీవ సభల్లో, పాటల మధ్య, కన్నీళ్లతో ప్రభువుకు మాట ఇస్తాము. అది అబద్ధం కాదు. అయితే అప్పటికి మన మీద బరువు లేదు. ఊరికి తిరిగి వచ్చాక బోరు ఎండిపోతుంది, తోతాపురి ధర పడిపోతుంది, శ్రీసిటీ కంపెనీలో ఆదివారం షిఫ్టు పడుతుంది. అప్పుడు లోపల ఏదో మెలి తిరుగుతుంది. మాట ఇచ్చిన తమ్ముడు మందిరానికి రావడం తగ్గిస్తాడు. "వాడి భక్తి అంతా సభల వరకే" అని మనం అనేస్తాము.

పేతురును చూడండి. ఆ రాత్రి భోజనం దగ్గర, చావవలసి వచ్చినా ప్రభువును విడువనని మనస్ఫూర్తిగానే చెప్పాడు. కోడి కూయకముందే ఒక పనిపిల్ల ముందు ఆ మాట చీలిపోయింది. ప్రభువు అతన్ని పారవేయలేదు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో తిబెరియ సముద్రతీరాన, ఓటమి బరువంతా మీద ఉన్న పేతురును మూడుసార్లు ప్రేమను గూర్చి అడిగి, తన గొఱ్ఱెలను అప్పగించారు. ఎలాంటి మరణం పొందబోతాడో కూడా అక్కడే తెలియజేశారు. ఈసారి బిగింపు నేల మీద జరిగింది. అది నిలిచింది.

మన రోగులు పోయే వేలూరు ఆసుపత్రి వెనక కూడా అలాంటి తీర్మానమే ఉంది. ఐడా స్కడ్డర్ అమ్మగారు మిషనరీల ఇంట పుట్టినా, ఈ దేశంలో సేవ చేయాలనుకోలేదు. తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి వచ్చారు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలకు కాన్పు కష్టమైంది. మగ డాక్టరు చూడకూడదని ఇంటివారు పట్టుబట్టడంతో ముగ్గురూ చనిపోయారు. ఆ బరువు కింద ఆమె వైద్యం చదవాలని నిర్ణయించుకున్నారు. 1900లో వేలూరులో ఒకే మంచంతో పని మొదలుపెట్టారు.

కాబట్టి సభల్లో మాట ఇవ్వవద్దని మేము చెప్పడం లేదు. బోల్టు తొడగనిదే బిగింపు ఎక్కడిది? మన యవ్వనస్థులు ముందుకు వచ్చి నిలబడినప్పుడు సంతోషిద్దాము. కానీ పని అయిపోయిందనుకోవద్దు. పంట పోయిన వారంలో, పరీక్ష తప్పిన రోజున, పెళ్లయిన కొత్తలో ఇంట్లో మాట పట్టింపులు వచ్చినప్పుడు వారి గడప ఎక్కుదాము. పక్కన కూర్చుని, ఆ బరువు మీదనే వారితో కలిసి మళ్లీ ప్రార్థిద్దాము. ఈ వారం మందిరానికి రాని ఒకరి పేరు మీ మనసులో మెదిలితే, వారిని గురించి మాట్లాడకముందే వారి ఇంటికి వెళ్లండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, తేలికైన దినములలో మేము చేసిన తీర్మానములను బరువైన దినములలో నీవే స్థిరపరచుము. చీలిపోయిన వారిని తీర్పు తీర్చక, వారి భారము దగ్గర నిలుచుండు మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.