రైసు మిల్లులో సర్వర్

దాళ్వా ధాన్యం దిగే రోజులు. రామచంద్రపురం దగ్గర ఓ రైసు మిల్లు ముందు లారీలు వరస కట్టాయి. కాటా మీద తూకం పడుతోంది గాని ఆఫీసులో బిల్లు రావడం లేదు. "సర్వర్ పోయిందండి, కొత్తది కొనాలంటారా?" అన్నారు గుమాస్తా గారు, నాతో వచ్చిన మెకానిక్ కుర్రాడు ఇంకా చెప్పులు విప్పకముందే.

సర్వరంటే ఏసీ గదిలో బీరువాలు అనుకోకండి. బల్ల కింద నల్లటి సీపీయూ, దానిమీద తవుడు దుమ్ము. కుర్రాడు దాన్ని ముట్టుకోలేదు.

"రాత్రి పనిచేసిందాండి? తర్వాత ఇక్కడేమైనా మార్చారా?"

"ఏం మార్చలేదండి."

ఈ జవాబు నమ్మిన మెకానిక్కు ఎక్కడా ఉండడు.

"ఒక్క కంప్యూటరుకేనా, అన్నిటికీనా?"

"ఆయ్, అన్నిటికీనండి."

ఒక్కదానికే అయితే ఆ కంప్యూటరులోనో దాని తీగలోనో వెతకాలి. అన్నిటికీ అంటే, అవి కలిసే చోట. సర్వర్‌కి మానిటర్ తగిలిస్తే ట్యాలీ భేషుగ్గా తెరుచుకుంది. గోడకున్న నెట్‌వర్క్ స్విచ్‌లో మాత్రం ఒక్క పచ్చ దీపమూ లేదు. దాని అడాప్టర్ కింద వేలాడుతోంది; ఆ ప్లగ్గులో కొత్త టేబుల్ ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ ఇంచుమించు ఆరు గంటలు ఆగిపోయినప్పుడు కూడా సర్వర్లు చావలేదు. మరమ్మతు వేళ ఇచ్చిన ఒక్క కమాండ్‌తో డేటా సెంటర్ల మధ్య దారులు తెగిపోయాయి, అంతే.

కుర్రాడు స్విచ్‌ని యూపీఎస్‌కి కలిపాడు. దీపాలు వెలిగాయి, బిల్లులు కదిలాయి. కంటితో చూసేవి ముందు, స్క్రూ విప్పేవి తర్వాత, డిస్కు జోలికి అన్నిటికన్నా ఆఖర్న: ఇదీ అతని వరస. చిన్న తప్పులే ఎక్కువ జరుగుతాయని కాదు, పీకిన ప్లగ్గు మళ్లీ పెట్టొచ్చు, ఫార్మాట్ చేసిన డిస్కుని అలా వెనక్కి తేలేమని. నాకు నచ్చింది ఆ లెక్క.

ఇంతలో కాటా దగ్గర్నుంచి కేక. చీటీమీద తేదీ 2012 అని పడుతోందట! తెల్లవారుజామున కరెంటు పోయిందని అప్పుడు బయటపడింది. కరెంటు లేనప్పుడు కంప్యూటరు గడియారాన్ని నడిపించేది లోపలుండే మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీ. కాటా దగ్గరి కంప్యూటరులో అది అయిపోయింది. కుర్రాడు జేబులోంచి సీఆర్ 2032 ఒకటి తీసి మార్చి, తేదీ సరిచేశాడు.

వెళ్లబోతూ అడిగాడు: "బ్యాకప్ ఆఖరిసారి ఎప్పుడు తీశారండి?"

గుమాస్తా గారు టీ చెప్పడానికి బయటికెళ్లారు.