వీలైతే కాపాడుము

పదవ తరగతి పూర్తయ్యేనాటికి నాకు గణితం వచ్చుననే నమ్మకం గట్టిగా ఉండేది. తెనాలి సమీపంలోని ఒక గ్రామంలో, తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. లెక్కల పరీక్ష ఏదైనా నూటికి నూరు మార్కులు వచ్చేవి. మా పాఠశాలలో ఆ రోజులలో ఒక ఆచారం ఉండేది. మాస్టారు అడిగిన ప్రశ్నకు సరైన సమాధానం చెప్పలేనివారు వరుసగా నిలబడాలి. చెప్పగలిగినవాడు వారి ముక్కు పట్టుకొని చెంపమీద ఒక్కొక్క దెబ్బ కొట్టాలి. ఆ అధికారం చాలాసార్లు నాకే దక్కేది. దానిని నా ప్రతిభకు లభించిన గౌరవంగా భావించేవాణ్ణే గాని, అందులో మరొకరి అవమానం ఉన్నదని నాకు తోచేది కాదు.

1993 చివరలో నాన్నగారి ఉద్యోగరీత్యా మా కుటుంబం అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి తరలివెళ్ళింది. అక్కడి పాఠశాలలో ఇంగ్లీషు మాట్లాడాలంటే నా నాలుక తడబడేది. గణితంలో మాత్రం మాటలతో అట్టే పనిలేకుండానే ముందు నిలవగలిగాను. అది గమనించిన మా గణితోపాధ్యాయురాలు, కొలంబస్ నగరంలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠశాల విద్యార్థుల కోసం వేసవిలో జరిగే గణిత శిక్షణకు దరఖాస్తు చేయమన్నారు. దరఖాస్తుతోపాటు కొన్ని లెక్కలు కూడా సాధించి పంపాలి. పంపాను, ఎంపికయ్యాను. 1994 జూన్‌లో నాన్నగారు నన్ను కారులో తీసుకువెళ్ళి వసతిగృహంలో దింపారు. "ఎనిమిది వారాలే కదా నాన్నా, ఇట్టే గడిచిపోతాయి" అని వెన్నుతట్టి వెళ్ళిపోయారు.

ఆ శిక్షణను నెలకొల్పినవారు ఆర్నాల్డ్ రాస్ అనే ఆచార్యులు. ఆయన 1906లో చికాగోలో జన్మించారు. 1957లో నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో దీనిని ప్రారంభించి, 1964లో ఒహాయో స్టేట్‌కు తీసుకువచ్చారు. నేను వెళ్ళేనాటికి ఆయనకు ఎనభై ఏడేళ్ళు. అయినా ఉదయం పూట సంఖ్యా సిద్ధాంతం ఆయనే బోధించేవారు. సరళమైన విషయాలను గూర్చి లోతుగా ఆలోచించాలన్నది ఆయన తన విద్యార్థులకు ఉపదేశించిన సూత్రం. అక్కడ మేము వల్లెవేయవలసిన పాఠ్యపుస్తకం లేదు. మొదటి ర్యాంకు, రెండవ ర్యాంకు అనే మాటలు వినిపించలేదు. పాఠం ముగిశాక కొన్ని లెక్కలున్న కాగితం చేతికిచ్చేవారు. మిగిలిన పగలూ, రాత్రిలో చాలా భాగమూ వాటితోనే గడిచేది. మాకు తోడుగా అదే వసతిగృహంలో కొందరు కళాశాల విద్యార్థులు సలహాదారులుగా నివసించేవారు. మేము రాసిన సమాధానాలను చదివి, సందేహాలను తిరిగి మాకే ప్రశ్నలుగా అప్పగించేవారు.

ఆ కాగితాలలో కొన్ని లెక్కలపైన ఒక విచిత్రమైన శీర్షిక ఉండేది. "నిరూపించుము, లేదా ఖండించుము, వీలైతే కాపాడుము" అని దాని అర్థం. మొదటి రెండు మాటలూ నాకు అర్థమయ్యాయి. ఇచ్చిన వాక్యం నిజమైతే నిరూపించాలి, కాకపోతే తప్పని చూపాలి. కాని తప్పని తేలిపోయిన దానిని కాపాడడమేమిటి? మా ఊళ్ళో తప్పు సమాధానాన్ని పలక మీద తడిగుడ్డతో తుడిచేసేవాళ్ళం. తుడిచేయడమే తప్ప, కాపాడడమనే మాట నేనెన్నడూ వినలేదు.

మొదటి వారంలోనే నా నమ్మకానికి పరీక్ష ఎదురైంది. ఒక సంఖ్యను తీసుకొని, దాని వర్గానికి ఆ సంఖ్యనూ, నలభై ఒకటినీ కలపాలి. ఒకటి తీసుకుంటే 43, రెండు తీసుకుంటే 47, మూడు తీసుకుంటే 53 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఎల్లప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందా అన్నది ప్రశ్న. నేను ఓపికగా ఇరవై వరకు లెక్కించాను. 461 వచ్చింది. అదీ ప్రధాన సంఖ్యే. ఇక సందేహమెందుకని, "ఎల్లప్పుడూ వస్తుంది" అని రాసి, కింద గీత గీసి ఇచ్చాను.

సాయంత్రం మా సలహాదారు ఆ కాగితం పట్టుకొని నా గదికి వచ్చాడు. "నలభై వేసి చూశావా?" అని మాత్రం అడిగాడు. వేసి చూశాను. నలభై నలభైల 1600, దానికి నలభై కలిపితే 1640, నలభై ఒకటి కలిపితే 1681. అది సరిగ్గా 41ని 41తో గుణిస్తే వచ్చే సంఖ్య. ప్రధాన సంఖ్య కాదు. నా ముఖం జేవురించింది. ఎవరో వచ్చి నా ముక్కు పట్టుకోబోతున్నట్లు అనిపించింది. అతడు వెళ్ళగానే ఆ కాగితాన్ని చించి బుట్టలో వేశాను. నాన్నగారికి ఫోను చేసి, వచ్చి తీసుకువెళ్ళమందామా అని కూడా ఆలోచించాను. రాత్రి తొమ్మిది గంటల దాకా తగ్గని ఆ వెలుగులో, విశ్వవిద్యాలయం పక్కగా పారే ఒలెన్‌టాంజీ నది ఒడ్డున ఒంటరిగా చాలాసేపు తిరిగాను. చీకటి పడ్డాక గడ్డిలో మిణుగురులు లేచాయి. మా ఊరి చేలగట్లు గుర్తుకువచ్చి దుఃఖం మరింత పెరిగింది.

తిరిగి వచ్చేసరికి సలహాదారు నా గది గుమ్మం దగ్గర కూర్చొని ఉన్నాడు. బుట్టలోని కాగితం చూసి ఉంటాడు. దాని గురించి ఏమీ అనలేదు. "సగం పనే చేశావు. మూడవ మాట మిగిలిపోయింది" అన్నాడు.

ఆ రాత్రి మేమిద్దరం తెల్లవారుజాము దాకా కూర్చున్నాం. సున్న నుంచి ముప్పై తొమ్మిది వరకు ఏ సంఖ్య వేసినా ప్రధాన సంఖ్యే వస్తుందని ఒక్కొక్కటే సరిచూశాము. నలభై దగ్గర తప్పింది. నలభై ఒకటి దగ్గరా తప్పింది. అసలు సున్న తప్ప నలభై ఒకటి గుణిజం దేనిని వేసినా తప్పక తీరదు, ఎందుకంటే కలిపే మూడింటినీ నలభై ఒకటి భాగిస్తుంది. ఇదే దారిలో మరికొంత నడిస్తే, పూర్ణాంకాలే గుణకాలుగా గల ఏ బహుపదీ, అది ఒకే సంఖ్యగా నిలిచిపోయేది కాని పక్షంలో, అన్నిచోట్లా ప్రధాన సంఖ్యలనే ఇవ్వలేదని తేలింది. నేను చించి పారేసిన తప్పులో నుంచే ఇంత పెద్ద సత్యం బయటపడింది. కాపాడడమంటే ఏమిటో అప్పుడు కొంత బోధపడింది.

పూర్తిగా బోధపడింది మాత్రం ఆరవ వారంలో. ఒకనాటి లెక్క ఇది: సున్నకూ ఒకటికీ మధ్య, హారం ఐదుకు మించని భిన్నాలన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా రాసి, ఏమి గమనించారో చెప్పండి. 1/5, 1/4, 1/3, 2/5, 1/2 అని రాస్తూ పోయాను. ఒకచోట నా కలం ఆగిపోయింది. 1/3కూ 1/2కూ నడుమ 2/5 కూర్చొని ఉంది. పై అంకెలు రెండూ కూడితే రెండు, కింది అంకెలు రెండూ కూడితే ఐదు. జాన్ ఫేరీ అనే ఇంగ్లీషు భూగర్భశాస్త్రవేత్త 1816లో ప్రకటించిన భిన్నాల వరుస ఇదేనని తరువాత తెలిసింది. లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడితే వచ్చే భిన్నం ఎప్పుడూ ఆ రెంటికీ నడుమనే ఉంటుంది. ఆ క్షణంలో మాత్రం నాకు ఫేరీతో పనిలేదు. ఎనిమిదవ తరగతి గది ఒకటి కళ్ళ ముందు నిలిచింది.

ఆనాడు మాస్టారు సగానికి మూడవ వంతు కలిపితే ఎంత అని అడిగారు. నా పక్కన కూర్చునే మిత్రుడు లేచి, "ఐదింట రెండు" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. వాడు బెదరకుండా, "రెండు మామిడిపళ్ళలో ఒకటి పుల్లన, ఇంకో మూడింట్లో ఒకటి పుల్లన. మొత్తం ఐదింట్లో రెండు పుల్లనే కదండీ" అన్నాడు. నేను లేచి "ఆరింట ఐదు" అని చెప్పి, వాడి ముక్కు పట్టుకొని చెంపమీద గట్టిగా కొట్టాను. ఆ సంవత్సరం వేసవి తరువాత వాడు బడికి రాలేదు. ఇంటి పరిస్థితులు కారణమని అందరూ అన్నారు. అవే కావచ్చు.

వాడు చెప్పినది ఆ ప్రశ్నకు సరైన సమాధానం కాదు. సగమూ మూడవ వంతూ కలిపితే ఐదింట రెండు ఎన్నటికీ కాదు. కాని వాడు రెండు బుట్టల పళ్ళను ఒక్క బుట్టలో పోసి చూశాడు. ఆ పోసిన తీరులో తప్పులేదు. దానిని కాపాడగలవారు ఆ గదిలో ఒక్కరూ లేకపోయారు.

రెండేళ్ళ తరువాత సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు వాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. తెనాలి మార్కెట్టులో పళ్ళ కొట్లో గుమాస్తాగా ఉన్నాడు. బేరాలు తగ్గాక ఇద్దరం గోనెసంచుల మీద కూర్చున్నాం. నేను భిన్నాల వరుస సంగతంతా చెప్పి, "ఆ రోజు నువ్వన్నదాంట్లో నిజముందిరా" అన్నాను. వాడు శ్రద్ధగానే విన్నాడు. తరువాత నవ్వి, "లెక్క గుర్తులేదురా. దెబ్బ మాత్రం గుర్తుంది" అన్నాడు. నాకోసం ఒక పండు ఏరి, ముక్కలు కోసి ఇచ్చాడు. అది తియ్యగానే ఉంది. తినడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆర్నాల్డ్ రాస్ 2002లో కన్నుమూశారు. ఆయన పేరుతో ఆ వేసవి శిక్షణ ఇప్పటికీ కొనసాగుతున్నది. వ్యవధి మాత్రం ఆరు వారాలకు తగ్గింది. నేను గణితోపాధ్యాయుణ్ణి అయ్యాను. తప్పును తప్పనే చెబుతాను, ఆ విషయంలో మొగమాటం లేదు. అయితే ఎర్ర సిరాతో గీత గీసే ముందు, "ఇది నీకెలా తోచింది?" అని తప్పక అడుగుతాను. పిల్లలు మొదట తలవంచుకుంటారు. కాసేపు ఎదురుచూస్తే, ఎవరో ఒకరు తమ బుట్టలోని పళ్ళను గూర్చి చెప్పడం మొదలుపెడతారు.