మృగశిర నాటి చేప ముక్క

మృగశిర కార్తె ప్రవేశించే రోజున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో చేపల అంగళ్ళ వద్ద నిలబడడానికి చోటు దొరకదు. జూన్ 7, 8 తేదీలలో వచ్చే ఆ దినమున చేప తింటే వానకాలపు జబ్బులు దరి చేరవని మన పెద్దల నమ్మకము. ఆ నమ్మకముతో నాకు పేచీ లేదు. నేనూ ఏటా తింటాను. ఇప్పుడు మీకు చెప్పబోయేది ఆ రోజున ఒకామె తిన్న ముక్కను గురించి, అంతకు ముందు ఆమెతో నేను ఫోనులో అన్న మాటను గురించి.

ఆమెది కోదాడ దగ్గరి పల్లె. నలభై ఏళ్ళు నిండకముందే స్థూలకాయము, మధుమేహము, మోకాళ్ళ నొప్పులు ఉండేవి. మే నెల మొదట్లో హైదరాబాదులో స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అనే శస్త్రచికిత్స చేయించుకున్నది. ఇందులో జఠరములో నాలుగింట మూడు వంతులకు పైగా తొలగించి, మిగిలిన దానిని అరటికాయ ఆకారములో సన్నని గొట్టముగా ఉంచుతారు. మొదటి నెలలలో అందులో పట్టేది సుమారు ఒక చిన్న టీ గ్లాసెడు. నెల కావస్తుండగా ఆమె ఫోను చేసి, "సార్, చేపలు తినొచ్చునా?" అని అడిగింది. నేను ఓపీలో ఉన్నాను, ఎదురుగా రోగులు బారులు తీరి ఉన్నారు. "చేప మంచిదే, తినమ్మా" అని పెట్టేశాను.

మృగశిర నాడు ఇంట్లో బొచ్చె చేప వేపుడు చేశారు. "ఈ పొద్దు తినకుంటే ఎట్లా బిడ్డా" అని అత్తగారు ప్రేమగా వడ్డించారు. అన్నములో కలుపుకొని నాలుగు ముద్దలు తిన్నది. రొమ్ము వెనుక పట్టేసినట్లయింది. దిగుతుందని నీళ్ళు త్రాగింది. అంతా వాంతి అయింది. మూడు రోజులు గుటకెడు నీళ్ళు కూడా నిలవలేదు. ఊరిలో గ్లూకోజు సెలైను పెట్టబోతే, ఎందుకో ముందుగా నాకు ఫోను చేశారు. సూర్యాపేటకు రప్పించి మొదట థయమిన్ సూది వేయించి, ఆ తరువాతనే సెలైను ఎక్కించి, హైదరాబాదుకు పంపాను. అక్కడ ఎండోస్కోపీతో గట్టిపడిన ముద్దను తీశారు. అందులో ఒక ముల్లు కూడా ఉన్నది.

థయమిన్ సంగతి మీరు గుర్తుంచుకోవాలి. ఈ విటమిను (బి-1) నిల్వలు మన శరీరములో రెండు మూడు వారాలకు మించి ఉండవు. అరకొర ఆహారము, దానిపై వాంతులు అయితే ఆ నిల్వలు అడుగంటుతాయి. అప్పుడు ముందుగా గ్లూకోజు ఎక్కిస్తే, ఉన్న కాస్త థయమిన్ కూడా దానిని వాడుకోవడానికే ఖర్చవుతుంది. మెదడు దెబ్బతిని చూపు రెండుగా కనిపించడము, నడక తూలడము, మతి తడబడడము సంభవించవచ్చు. కాబట్టి ఈ శస్త్రచికిత్స అయినవారు వాంతులతో ఎక్కడికి వెళ్ళినా, సెలైను సీసా తగిలించకముందే "నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది" అని చెప్పాలి. ఒక పూటంతా నీళ్ళు నిలవకపోతే ఇంట్లో కూర్చోకూడదు.

ఇక నా మాట. అది అబద్ధము కాదు, సగమే. ఈ శస్త్రచికిత్స తరువాత కండ కరగకుండా రోజుకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు అవసరము. నూరు గ్రాముల చేపలో 18, 20 గ్రాముల దాకా ఉంటాయి. మేక మాంసములో వలె గట్టి పీచు లేనందున చేప తేలికగా విడిపోతుంది. మరి నేను చెప్పవలసిన రెండవ సగమేమిటి? ఎప్పుడు, ఏ చేప, ఎలా అన్నది.

సాధారణముగా మొదటి రెండు వారాలు ద్రవాహారము, ఆపై మెత్తగా రుబ్బినవి, నెల దాటాక మెత్తని పదార్థాలు, రెండు మూడు నెలలకు మామూలు తిండి. మీ సర్జను వేరే క్రమము చెప్పి ఉంటే అదే పాటించండి. ఉడికించి చిదిపిన చేప మూడవ, నాలుగవ వారము నుండి చాలామందికి సరిపడుతుంది. వేపుడు మాత్రము అప్పుడు పనికిరాదు.

మన ప్రాంతములో మూసీ జలాశయము, సాగరు ఎడమ కాలువ నీటితో నిండే చెరువులు, కోదాడకు అవతల పాలేరు ఉండగా చేపకు కొదవ లేదు. అయితే విరివిగా దొరికే బొచ్చె, రవ్వ, బంగారు తీగలలో కండ మధ్య సన్నని చీలిక ముళ్ళుంటాయి. తోక వైపు మరీ ఎక్కువ. కొర్రమీనులో నడుమ వెన్నెముక తప్ప ముళ్ళు తక్కువ, కండ తెల్లగా మెత్తగా ఉంటుంది. ధర ఎక్కువే, కానీ మీకు కావలసినది రెండు చెంచాలే కదా! తొట్టిలో ప్రాణముతోనే అమ్ముతారు గనుక తాజాదనము గురించి అనుమానము ఉండదు. కొంచెము పసుపు, ఉప్పు, అల్లము వేసి పలుచని రసములో ఉడికించండి. చింతపండు పులుసు, కారము తరువాతి నెలలకు ఉంచండి.

చెంచాతో కాక చేత్తోనే తినండి. వేళ్ళతో నలిపితే ముల్లు నోటికి చేరకముందే తెలుస్తుంది. ఈ విషయములో మన అలవాటు వైద్యుని సలహా కంటె మేలైనది. ముందు చేప తిని, జాగా మిగిలితే అన్నము. మిల్లుల ఊరయిన మిర్యాలగూడలో అన్నము వెనక్కు పెట్టమంటే కోపగించుకుంటారని తెలుసు, అయినా చెబుతున్నాను. చిన్న ముక్క, బాగా నమలడము, మొత్తము అరగంట. తిన్న అరగంట తరువాతే నీళ్ళు. పట్టేసినట్లనిపిస్తే ఆపివేయండి, నీళ్ళతో నెట్టకండి.

విజయవాడ దారిన వచ్చే రొయ్యలు రబ్బరువలె సాగుతాయి కనుక మూడవ నెల తరువాత, సన్నగా తరిగి, కొద్దిగా తినాలి. ఎండలో గంటల తరబడి ఉన్న కనగర్త, వంజరము వంటి సముద్రపు చేపలలో హిస్టమిన్ పెరుగుతుంది, వండినా పోదు. మంచులో ఉన్నవే కొనండి. ఎండుచేపలు గట్టివి, ఉప్పు ఎక్కువ. హైదరాబాదులో మృగశిర నాడు ఉబ్బసమునకు ఇచ్చే చేప మందు, అనగా ప్రాణముతో మింగించే కొర్రమీను పిల్ల, ఈ రోగులకు అసలు వద్దు.

చేపలో బి-12 ఉన్నది కనుక మాత్రలు మానవచ్చునా అని కొందరు అడుగుతారు. మానరాదు. దానిని గ్రహించడానికి తోడ్పడే జఠర భాగమే చాలావరకు తీసివేయబడింది. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ లోటు ఇంకా పెరుగుతుంది.

మరుసటి మృగశిరకు ఆ పల్లె నుండి ఫోను వచ్చింది. ఈసారి అత్తగారే. "ఏ చేప తెమ్మంటరు సారూ?" అన్నారు. కుర్చీ వెనక్కు జరుపుకొని, ఎదుటి రోగిని కాసేపు ఆగమని సైగ చేసి, మొదటి నుండి చెప్పడము మొదలుపెట్టాను.